ఎడిటర్ బల్లకీ గ్రాఫిక్స్ బల్లకీ మధ్య

ఎడిటర్, మోషన్ గ్రాఫిక్స్ ఆర్టిస్టు కలిసి పనిచేయడం గురించి ఇప్పుడు చెప్పుకునే కథ చాలా పొట్టిది. ఒకప్పుడు ఎవరి గదిలో వాళ్లుండేవారట. 2006లో అడోబీ డైనమిక్ లింక్ తెచ్చి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోనూ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌నూ కలిపిందట. అంతటితో ఇద్దరూ ఒక్కటయ్యారట. కంపెనీలు అల్లిన కథ కనుక సాఫ్ట్‌వేరే అందులో నాయకుడు. నా అంచనాలో ఈ పొత్తు అంతకుముందే కుదిరింది. లింక్ వచ్చాక కొంత పలచబడింది కూడా.

తొలి దశ తెలిసిందే. ‘మాయాబజార్’ (1957) నాటి మాయల్లో చాలావరకు మార్కస్ బార్ట్‌లే కెమెరా పనితనమే. ఆప్టికల్ ప్రింటర్ మీద చేసే పనికి మాత్రం ఎడిటర్ వర్క్‌ప్రింట్ పైన మైనపు పెన్సిల్‌తో గుర్తులు పెట్టి పంపేవాడు: డిజాల్వ్‌కు ఫ్రేముల మీదుగా ఏటవాలు గీత, ఫేడ్‌కు ఒకచోట కలిసే రెండు గీతలు. ల్యాబ్‌లో ఆ గీతలు చదివి పని చేసేవారు. 1970లలో సీఎంఎక్స్ యంత్రాలతో వ్యాపించిన ఈడీఎల్, అంటే ఏ షాట్ ఏ టైమ్‌కోడ్ నుంచి ఎక్కడిదాకా అని రాసిన జాబితా, చేసిందీ ఎడిటర్ సూచనలు చేరవేసే ఆ పనే.

అసలు పేచీ 1993 నుంచి 2006 దాకా నడిచిన కాలం గురించి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 1993లో కోసా అనే చిన్న అమెరికన్ కంపెనీ నుంచి వచ్చింది, 1994లో అడోబీ చేతికి చేరింది. ఆ తర్వాతి పన్నెండేళ్లనూ చీకటియుగంగా చూపడం ఆనవాయితీ. రెండర్‌కు గంటలు పట్టేది, నిజమే. ఒక్క అక్షరం తప్పు పడితే మళ్లీ మొదలు. కానీ అందుకే ఎడిటర్ కట్ తేల్చుకుని, షాట్‌కు అటూ ఇటూ కొన్ని ఫ్రేములు హ్యాండిల్స్‌గా వదిలి, ఏం కావాలో ముందే కూర్చుని మాట్లాడేవాడు. 1995 నాటి ‘సెవెన్’ టైటిల్స్ అనగానే అందరూ డిజైనర్ కైల్ కూపర్ పేరే చెబుతారు. వాటిని ఎడిట్ చేసిన ఆంగస్ వాల్‌ను తలచేవారు తక్కువ. 2011లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టైటిల్స్‌కు ఎమ్మీ అందుకున్నవారిలో ఆ ఎడిటరూ ఉన్నాడు. హాలీవుడ్ డబ్బుతో జరిగినది అందరికీ వర్తిస్తుందా అంటే, వర్తించదు. అయితే 2001లో మొదలైన ఆటోమేటిక్ డక్ సంగతి వేరు. ఎవిడ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్‌ను ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి చేర్చే ఆ ప్లగిన్‌ను తెచ్చింది ఎడిటర్ వెస్ ప్లేట్, ప్రోగ్రామరైన ఆయన తండ్రి. అడోబీ లింక్‌కు అది అయిదేళ్లు పెద్దది.

డైనమిక్ లింక్ మేలు చేయలేదనను. రెండర్ కోసం కాచుకునే బాధ తగ్గించింది. కాకపోతే రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకే కంప్యూటర్‌లో ఉంటేనే అది పనిచేసేది. అంటే ఇద్దరిని కలపడం కన్నా ఇద్దరి పనీ ఒకరి నెత్తినే వేయడానికి వీలిచ్చింది. చిన్న స్టూడియోలు ఆ వీలును బాగానే వాడుకున్నాయి.

మన చిక్కు ఏ కథలోనూ కనబడదు. చాలా ఏళ్లపాటు ఈ సాఫ్ట్‌వేర్లలో యూనికోడ్ తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడేవి. అందుకే యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లు వాడేవారు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ప్రాజెక్టు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపించేవి. దాంతో అక్షరాలను బొమ్మగా మార్చి పంపేవారు. దీర్ఘం తప్పిపోయినా ఎడిటర్ దిద్దలేడు, గ్రాఫిక్స్ బల్ల దాకా లేచి వెళ్లాల్సిందే.

2017లో వచ్చిన, ఎడిటరే అక్షరాలు మార్చుకోగల మోషన్ గ్రాఫిక్స్ టెంప్లేట్లు ఆ నడక తప్పించాయి. వార్తల బులెటిన్‌లో పేరు పట్టీలకు అవి చాలు, వాటితో నాకు తగవు లేదు. కానీ టైటిల్స్‌కూ, డాక్యుమెంటరీలకూ టెంప్లేటే వేసేస్తున్నారు. చేసినవాడు ఎవరో తెలియదు. పొడుగాటి తెలుగు ఇంటిపేరు పట్టీ దాటి పోతే అడిగే దిక్కుండదు. 2021లో అడోబీ కొన్న ఫ్రేమ్ ఐఓకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఫలానా ఫ్రేమ్ దగ్గర ఫలానా లోపమని ఒకరికొకరు రాసుకునే చోటు అది. అయినా అది పని పూర్తయ్యాక చెప్పే మాటే. ఎడిటర్లకు నా మనవి ఒక్కటే: రఫ్ కట్ చూసే రోజునే గ్రాఫిక్స్ ఆర్టిస్టును పక్కన కూర్చోబెట్టుకోండి. కట్ లాక్ చేశాక పిలిస్తే అతనికి మిగిలేది పేర్లు ఎక్కించే పనే.