ఇనుము దింపే మందు

మా ఎదురింటి మూడేళ్ళ పిల్లాడికి రక్తం తక్కువని విని, ఓ ఆదివారం గంటస్తంభం దగ్గర కేజీ తాటిబెల్లం కొని పట్టుకెళ్ళాను. బెల్లంలో ఇనుముంటుందని చిన్నప్పటి చదువు. తల్లి పొట్లం అందుకుని అదోలా చూసింది.

"ఇదేటి వైద్యమో మాస్టారూ! రక్తం లేదని ఏడాదిగా నెలనెలా విశాఖ తీసుకెళ్ళి ఎక్కిస్తన్నాం. ఇప్పుడేమో ఒంట్లో ఇనుం ఎక్కువైపోనాదట. అది దింపడానికి రోజూ బిళ్ళ వెయ్యాలట. ఇనుం టానిక్కులు ముట్టుకోవద్దన్నారు."

విజయనగరంలో ముప్ఫయ్యేళ్ళు చరిత్ర చెప్పినవాణ్ణి. వైద్యం నాకు రాదు. అర్థంకానిది ఎదురైతే వెనక్కి తవ్వడమొక్కటే తెలుసు. తవ్వాను.

1925లో డెట్రాయిట్ డాక్టరు థామస్ కూలీ ఈ జబ్బుని వర్ణించాడు. 1932లో విపుల్, బ్రాడ్‌ఫర్డ్ అనేవాళ్ళు తలసీమియా అని పేరు పెట్టారు. గ్రీకులో 'తలస్సా' అంటే సముద్రం. అప్పటికి తెలిసిన రోగులు మధ్యధరా సముద్రపు ఒడ్డు కుటుంబాలవాళ్ళు మరి. మన భీమిలి సముద్రం సంగతి వాళ్ళకేం తెలుసు! తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు కలిస్తేనే ఈ జబ్బు. వాళ్ళిద్దరూ మాత్రం దుక్కల్లా ఉంటారు. కోడల్ని ఆడిపోసుకుంటున్న నాయనమ్మకి ఈ ముక్క రెండుసార్లు చెప్పాను.

ఇక ఇనుము. ఒక సంచీడు రక్తంలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఒళ్ళు రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములు మించి వదలదు. మిగిలింది కాలేయంలో, గుండెలో తిష్ట వేస్తుంది. రక్తం ఎక్కించి బతికించుకున్న పిల్లల్ని, ఒకప్పుడు ఎదిగొచ్చే వయసులో ఆ ఇనుమే పొట్టనబెట్టుకునేది.

1960 ప్రాంతంలో స్విట్జర్లాండులో సిబా కంపెనీవాళ్ళు మట్టిలోని సూక్ష్మజీవుల్లో యాంటీబయాటిక్ వెతుకుతుంటే, ఇనుమును గట్టిగా పట్టుకునే పదార్థం దొరికింది. దాంట్లోంచి వచ్చిందే డెస్‌ఫెరాల్. మింగితే పనిచెయ్యదు. 1970ల చివరినుంచి దాన్ని చిన్న పంపుతో, చర్మం కిందికి, వారానికి ఐదారు రాత్రులు, రాత్రికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఎక్కించేవారు. ఇంట్లో సూది గుచ్చేదెవరు? కన్నవాళ్ళే. పొద్దున్న మూత్రం ఎర్రగా వస్తే, హమ్మయ్య, ఇనుము దిగిందని వాళ్ళకి ఊరట.

నోటితో వేసే మందు, డెఫెరిప్రోన్, ఇంగ్లండులో పుట్టింది. దానికి అందరికన్నా ముందు అనుమతిచ్చింది 1990ల నడుమ మన దేశమే. చెప్పొద్దూ, కాస్త గర్వపడ్డాను. ఎదురింటి బిళ్ళ డెఫెరాసిరాక్స్. 2005లో అమెరికాలో అనుమతి పొందింది. నీళ్ళలో కలిపి పరగడుపున పట్టాలి.

ఇదంతా చెబితే తండ్రి అడిగాడు: "మరి మాకు ఎర్రరంగు కనబడదు గదా మాస్టారూ, దిగతందో లేదో ఎలా తెలుస్తాది?"

మంచి ప్రశ్న. ఈ మందుతో ఇనుము ఎక్కువగా మలంలో పోతుంది, కంటికి తెలీదు. ఫెరిటిన్ పరీక్ష అంకెలే ఆనవాలు. అవీ గబుక్కున దిగవు. కిడ్నీ, లివరు పరీక్షలు కూడా తప్పకూడదు. చీటీలన్నీ తేదీల వరసలో దారంతో కుట్టి ఇచ్చాను. మాస్టారి బుద్ధి!

పిల్లాడు గ్లాసు చూస్తే పరుగు. అందుకని రోజూ ఆరింటికి వెళ్ళి మట్టిపురుగు కథ చెబుతున్నాను. నిన్న సగం తాగి, "తాతా, మిగతాది నువ్వు తాగు" అన్నాడు.

వాళ్ళమ్మ గ్లాసు తొలిచి, అడుగున మిగిలిన మందుతో సహా మళ్ళీ వాడికే పట్టింది.