పెట్టుబడి సొమ్ము ఎవరి పేరు మీద వచ్చింది?

విత్తనం కొనాలన్నా, ఎరువు తేవాలన్నా, కూలీలకు ఇవ్వాలన్నా దుక్కి నాటికే చేతిలో డబ్బుండాలి. పంట డబ్బేమో ఆరు నెలలకు గానీ రాదు. ఈ మధ్య కాలాన్ని దాటించడానికే సర్కారు సొమ్ము. అది ఎప్పటి నుంచి వస్తోంది, ఎవరి చేతికి వస్తోంది అన్నది సభ్యులందరం తెలుసుకోవాల్సిన చరిత్ర.

తెల్లదొరల కాలంలో తకావీ అప్పులని ఉండేవి. బావులకు, గట్లకు 1883లో ఒక చట్టం, విత్తనాలకు, ఎడ్లకు 1884లో ఇంకో చట్టం తెచ్చారు. ఇచ్చేది రెవెన్యూ వాళ్లు. బాకీ పడితే భూమి శిస్తులాగే ముక్కుపిండి వసూలు చేసేవారు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఇన్ని వచ్చినా రైతుకు దిక్కు షావుకారే. 1951-52లో దేశమంతటా గ్రామీణ అప్పుల మీద సర్వే చేశారు. రైతు తెచ్చిన ప్రతి 100 రూపాయల అప్పులో దాదాపు 70 రూపాయలు వడ్డీ వ్యాపారుల దగ్గరివే. సర్కారు ఇచ్చింది 3 రూపాయల పైచిలుకు, సహకార సంఘాలు ఇచ్చింది ఇంకో 3. బ్యాంకుల వాటా రూపాయి కూడా లేదు.

1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు. 1982లో నాబార్డు ఏర్పడింది. బ్యాంకు ఊరి దాకా వచ్చింది గానీ, గుమ్మం దగ్గరే "పాస్‌బుక్ ఏదమ్మా?" అని అడిగేది. నాటు వేసేది, కలుపు తీసేది, కోత కోసేది మనం. పాస్‌బుక్ మీద పేరు మాత్రం మామదో, మగనిదో.

ఈ గోడకు మొదటి కంత పెట్టింది సంఘాలే. 1982లో డ్వాక్రా పథకం మొదలైంది. ఆడవాళ్లు గుంపుగా చేరితే గ్రూపుకు 15,000 రూపాయల రివాల్వింగ్ ఫండు ఇచ్చారు. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. భూమి తాకట్టు అక్కర్లేదు. పొదుపు, మీటింగు, సరిగా రాసిన పుస్తకం, ఇవే హామీ. అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. ఆ జిల్లా ఆడవాళ్లే తర్వాత రోజుకో రూపాయి పొదుపును ఉద్యమంలా నడిపారు. 2000లో వెలుగు వచ్చింది, తర్వాత అదే ఇందిరా క్రాంతి పథం అయ్యింది. గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు బలపడ్డాయి. సర్కారు కాగితంలో మన పేరు అప్పు తీసుకునే మనిషిగా నిలిచింది.

తర్వాత అప్పు కాకుండా నేరుగా పెట్టుబడి సాయం ఇచ్చే రోజులొచ్చాయి. తెలంగాణలో 2018 మే నెలలో రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరానికి 4,000 రూపాయలు. 2019 ఫిబ్రవరిలో పీఎం కిసాన్, ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలు. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో రైతు భరోసా, పీఎం కిసాన్‌తో కలిపి 13,500 రూపాయలు. ఇవి మంచి సాయాలే, కాదనలేం. కానీ ఇవన్నీ ప్రధానంగా భూమి కాగితం వెంటే నడిచాయి. రైతుబంధులో కౌలుదారుకు చోటు లేదు. రైతు భరోసాలో భూమిలేని కౌలుదారుల్లో కొన్ని వర్గాలకే ఇచ్చారు. 2015-16 వ్యవసాయ గణనలో దేశంలో 100 మంది కమతదారులుంటే ఆడవాళ్లు సుమారు 14 మంది. మిగతా అక్కచెల్లెళ్లు ఎంత కష్టపడ్డా ఆ లెక్కలో రైతులు కారు.

అంటే సంఘంలో దాటిన గోడ పొలం దగ్గర ఇంకా నిలిచే ఉంది. దాన్ని దాటే దారులు చట్టంలో ఉన్నాయి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా మన ఉమ్మడి రాష్ట్రం 1980ల్లోనే ఇచ్చింది, అదీ అప్పటికి పెళ్లి కాని వాళ్లకు. 2005లో దేశమంతటా ఆ హక్కు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం కౌలుకు చేసేవాళ్లకు 11 నెలల సాగు హక్కు పత్రం ఇస్తారు. దానికి భూమి యజమాని ఒప్పుకోవాలి. అక్కడే చాలామంది ఆగిపోతున్నారు.

కాబట్టి పొదుపు, అప్పు, కంతు రాసుకునే మీటింగులోనే ఇంకో మాట కూడా రాసుకుందాం. ఏ సభ్యురాలి పేరు మీద పాస్‌బుక్ ఉంది? భర్త పోయిన ఏ అక్కకు పట్టా ఇంకా మారలేదు? ఎవరు కౌలుకు చేస్తూ పత్రం లేకుండా ఉన్నారు? ఒక్కదాన్నే తహసీల్దారు ఆఫీసుకు పోతే రేపు రమ్మంటారు. సంఘం తీర్మానం చేతిలో పట్టుకుని పదిమంది పోతే కుర్చీ వేసి మాట్లాడతారు. బ్యాంకు దగ్గర మనం నేర్చుకున్నది ఇదే కదా.