వంత పాట కాదు

చిత్తూరు జిల్లా భజన గుడిలో తెరుచుకున్న గొంతు నాది. ఒకరు అందుకుంటే పదిమందీ చిడతలు మోగిస్తూ తిరిగి అనడమే మాకు తెలిసిన పాట. ఎవడి గొంతు ఊరి చివరికి వినబడితే వాడే మొనగాడు. 1980ల్లో ఉద్యోగానికి మద్రాసు వెళ్లి ఒక చిన్న బృందగాన జట్టులో చేరాను. మొదటి సాయంత్రం మలయాళ పాటను తెలుగు అక్షరాల్లో రాసుకుని గట్టిగా ఎత్తుకున్నాను. నేర్పే ఆయన చెయ్యెత్తి ఆపారు. "సార్, మీ పక్కావిడ ఏం పాడుతున్నారో వినబడుతోందా?" వినబడలేదు.

మద్రాసులో ఇలాంటి జట్లకు బాట వేసినవారు ఎం.బి. శ్రీనివాసన్. 1925లో మా చిత్తూరులోనే పుట్టిన తమిళులు. పేరొచ్చింది మలయాళ సినిమా సంగీతంలో, పెళ్లాడింది పంజాబ్ స్వాతంత్ర్య యోధుడు సైఫుద్దీన్ కిచ్లూ కూతురు జహీదాను. నమ్మింది కమ్యూనిజాన్ని; సినిమా వాద్యకారులకు సంఘం కట్టడంలో ముందు నిలిచారు. ఏసుదాసు చేత తొలి సినిమా పాట పాడించింది కూడా ఆయనే. 1961లో, మన భానుమతి, రామకృష్ణల భరణీ స్టూడియోలో. ఫోర్ట్ కొచ్చి క్రైస్తవ కుర్రాడి నోట, కులభేదం, మతద్వేషం లేని చోటును తలచిన నారాయణ గురు పద్యం!

1970ల తొలినాళ్లలో ఆయన మద్రాస్ యూత్ కోయిర్‌ను నిలబెట్టారు. సుబ్రహ్మణ్య భారతి కవితలకు బృందగానం కోసం వరుసలు కట్టారు. ఒకే జట్టు చేత అనేక భారతీయ భాషల్లో పాడించారు. 1988 మార్చి 9న లక్షద్వీప్‌లో కన్నుమూశారు.

పదిమందిని కలిపి పాడించడంలో పెద్ద చిక్కు శృతి. ఆడవాళ్లకు అయిదు, అయిదున్నర హాయి. మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర. అందరూ ఒకే వరుస పాడాలంటే ఎవరో ఒకరు గొంతు చించుకోవాలి, లేదా గొణగాలి. అందుకే బృందగానంలో గొంతులకు వాటాలు వేస్తారు. ఒక గుంపు పాటను నడుపుతుంటే మరో గుంపు కింది స్వరం పట్టుకుని నిలబడుతుంది. పక్కవాళ్లను వినకపోతే ఈ నిలబడటం సాగదు.

మన నుడిలో వంత పాడటమంటే తానా అంటే తందానా అనడం. కానీ బుర్రకథలో వంతలు అలా ఊరుకోరు. ఒకరు హాస్యం పట్టిస్తే, ఇంకొకరు రాజకీయం లాగి కథకుణ్ణి మధ్యలోనే నిలదీస్తారు. బృందగానంలో నాకు కనిపించింది ఆ వంతే.

మరుసటి వారం గొంతు తగ్గించాను. పక్కావిడ తమిళావిడ. నేను 'ళ' అంటున్న చోట ఆమె నాలుక ఇంకా వెనక్కి మడిచి మరేదో పలుకుతున్నారని అప్పుడు తెలిసింది. విరామంలో అడిగితే నోరు తెరిచి మరీ చూపించారు. ఒకప్పుడు మన శాసనాల్లోనూ ఉండి, తర్వాత మనం పోగొట్టుకున్న 'ఴ' అది. అప్పటికి నాకా అక్షరం రాయడం రాదు. నోటుబుక్కులో 'ళ' కింద ఒక చుక్క పెట్టుకున్నాను.