పట్టాల మీద అవరోధం

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగువాళ్లకు ‘అవరోధం’ రెండు రకాలుగా చెవిన పడుతుంది. మన పత్రికల్లో అది పనికి అడ్డొచ్చే ఆటంకం. బెంగాలీలో ‘రైల్ అబొరోధ్’ అంటే జనం పట్టాల మీద బైఠాయించి బండ్లు ఆపేయడం. 2022 సెప్టెంబరులోనూ, 2023 ఏప్రిల్‌లోనూ ఎస్టీ హోదా కోసం కుడ్మీ సముదాయం వారు దగ్గర్లోని ఖేమాసులిలో చేసింది అదే; రోజుల తరబడి రైళ్లు కదల్లేదు. మనమైతే రైల్ రోకో అంటాం, లేదా దిగ్బంధం.

మూలం ‘రుధ్’ ధాతువు: ఆపడం, అడ్డుకోవడం. నిరోధం, విరోధం కూడా అందులోంచి పుట్టినవే. అమరకోశం అంతఃపురానికి చెప్పిన పేర్లలో అవరోధం ఒకటి. ఆడవాళ్లను లోకానికి దూరంగా ఉంచిన చోటుకి ఎంత నిజమైన పేరు! పరదా చాటు స్త్రీల కష్టాలను పుస్తకంగా తెచ్చిన బెంగాలీ రచయిత్రి బేగం రొకేయా, 1931లో దానికి ‘అవరోధ్‌బాసినీ’ అనే పేరు పెట్టారు.

దిగ్బంధం సంగతి వేరు. జపానికి కూర్చున్నవాడు కీడు సోకకుండా దిక్కులన్నీ కట్టుకునే రక్షణ అది. ఇప్పుడు ఎదుటివాడి దారులు మూయడమైంది.

సెటిల్‌మెంట్ ఇళ్లలో పిల్లలకు తెలుగు నేర్పే పెద్దలు ఇలాంటి మాటల బెంగాలీ అర్థం కూడా పక్కనే చెప్పండి. రెండు భాషలూ బలపడతాయి.