నాలుగు మొక్కల శాసనము

కోర్సికా ద్వీపపు ఈశాన్య భాగమున కస్తానీచ్చా యను కొండసీమ కలదు. సముద్రతీరమున వేసవి యెండలు తీవ్రములైనను, పైకెక్కిన కొలది గాలి చల్లబడి, వాన సమృద్ధియై, సమశీతోష్ణ దేశముల వృక్షములకు అనువగు వాతావరణ మేర్పడును. నేలయంతయు ఏటవాలు, మన్ను సున్నము తక్కువైన పలకరాతి మన్ను, నాగలి సాగు చోటు మిక్కిలి స్వల్పము. గోధుమను నమ్ముకొన్నచో పస్తులే మిగులునట్టి ఆ కొండలపై చెట్టు క్రిందనే పశువులను మేపి, చెట్టు పైనుండియే తిండి సంపాదించిన ప్రజల చరిత్ర, పొలమును వనముతో కలుపదలచు ప్రతి కర్షకుడును తెలిసికొనదగినది.

ఆ ద్వీపము జెనోవా గణరాజ్యము ఏలుబడిలో నున్న కాలమున, 1584లో, అచటి జెనోవా పాలకుడు రైతులును భూస్వాములును ఏటేట నాలుగు చెట్లు నాటవలెనని ఆజ్ఞాపించెను: ఒక చెస్ట్‌నట్, ఒక ఆలివ్, ఒక అంజూరు, ఒక మల్బరీ. చెస్ట్‌నట్ అంతకుముందే అచట లేకపోలేదు. కాని కొండలకు కొండలే దానితో కప్పబడుట పిమ్మటి శతాబ్దములలో జరిగినది. పరదేశీయులు విధించిన ఆజ్ఞయే యైనను అందలి వివేకమును నేను మనసార మెచ్చుకొందును. ఉన్న పైరును తీసివైచి ఒక్కమారుగా వనము పెంపుమని అది చెప్పలేదు. నాలుగు మొక్కలు నాటుట పేదకును భారము కాదు. ఇరువది యేండ్లు విడువక నాటినచో అవి యెనుబది యగును, తొలుత నాటినవి అప్పటికే కాపు కాయుచుండును.

చెస్ట్‌నట్ నాటినంతమాత్రమున పని ముగియలేదు. విత్తు మొక్క కాయ యెట్టిదగునో యెవరును చెప్పజాలరు గనుక, ఊరిలో మేలైన చెట్టు కొమ్మ తెచ్చి అంటుకట్టిరి. చెట్ల నడుమ గొఱ్ఱెలును మేకలును పచ్చిక మేసెను. శరత్కాలమున ఏరగా మిగిలిన కాయలు పందుల పాలయ్యెను. ఏరిన కాయలను పొయ్యిపైనున్న కఱ్ఱల తడికెపై పరచి, వారముల తరబడి సన్ననిమంట పొగలో ఎండబెట్టి, చితుకగొట్టి పెంకు తీసి, ఏటి నీటితో తిరుగు తిరుగలిలో పిండి విసరి, ఆ పిండితో సంకటి వండుకొనిరి. ఇంటి దూలము మొదలు బిడ్డ ఊయెల వఱకు ఆ కలపయే.

1755లో పాస్కల్ పావొలి నాయకత్వమున కోర్సికనులు స్వతంత్ర రాజ్యమును నెలకొల్పిరి. ఆ మహనీయుడు పుట్టిన మొరొసాల్యా గ్రామము ఈ సీమలోనిదే. 1769లో ద్వీపమును జయించిన ఫ్రెంచివారు, చెస్ట్‌నట్ చెట్టు జనులను సోమరులను చేయుచున్నదని తలచి, క్రొత్తగా నాటుటను కొంతకాలము నిషేధించిరి. కొండవాలుపై ఏరుట, మోయుట, అంటుకట్టుట యెంత శ్రమయో ఎఱిగినవారు ఆ మాట అనియుండరు.

అమెరికా భూగోళ శాస్త్రజ్ఞుడు జె. రస్సెల్ స్మిత్ 1929లో ప్రకటించిన ‘ట్రీ క్రాప్స్’ గ్రంథమున, చీనాలో కోసుకొనిపోయిన కొండవాలుల యెదుట కోర్సికా చెస్ట్‌నట్ వాలులను నిలిపి చూపెను. ఒకచోట మన్ను వరదపాలు, మఱియొకచోట శతాబ్దముల సేద్యము పిదపను మన్ను పదిలము. ఆయన ఇట్లు వ్రాయునాటికి, 1904లో న్యూయార్కున కనబడిన తెగులు ఆయన దేశపు చెస్ట్‌నట్ వనములనే హరించుచుండెను.

కోర్సికాలోనో, చెట్టుకంటె ముందుగా మనుష్యుడు దూరమయ్యెను. 19వ శతాబ్దాంతమున తోలు పదును చేయు టానిన్ కొరకు కర్మాగారములు మహావృక్షములను కొనివేసినవి. మొదటి ప్రపంచ యుద్ధమున యువకులు మడిసిరి. మిగిలినవారనేకులు బ్రతుకుతెరువునకై ఫ్రాన్సు నగరములకు తరలిరి. ఏరువారు లేక తోటలు పొదలుపడి అడవిలో కలిసెను. నేటికిని కొందఱు ముదురు కొమ్మలు నఱికి, పాత మొద్దులను చిగురింపజేసి, పిండి విసరుచున్నారు. 2006లో ఆ పిండికి ఫ్రాన్సులో ప్రాంతీయ నామ రక్షణ లభించెను. 2010లో మొగ్గలను బుడిపెలుగా మార్చు ఆసియా కందిరీగ దిగబడి కాపును కూల్చగా, రైతులు దానిని తినివేయు మఱియొక చిన్న కందిరీగను తోటలలో విడిచిరి.