కుందేలు లేని వైపు

ఆ మంటలో ఇంకో రెండు కంపలు వెయ్యరా అబ్బాయ్, చెబుతా.

నేను మగ్గం గుంట పక్కన కూర్చుని కండెలు చుట్టే రోజులవి, 1959. బెజవాడ నుంచి వచ్చిన పేపరు పట్టుకుని మా పంతులుగారు వచ్చారు. చందమామ వెనకవైపు ఫొటో తీశారంట, అక్కడ కుందేలు లేదన్నారు. మా నాయనమ్మ ఒప్పుకుంటేగా!

చందమామ తన చుట్టూ తాను తిరగడానికీ, మన భూమిని చుట్టి రావడానికీ పట్టే కాలం ఒకటే. అందుకే మనకెప్పుడూ ఒక్క ముఖమే కనపడుద్ది. మనం కుందేలు అనుకునే మచ్చలు ఎప్పుడో లావా పొంగి గడ్డకట్టిన నల్లరాతి మైదానాలు. అవతలివైపు అట్టాంటివి బహు తక్కువ. ఆ సంగతి మొదట చూసింది మనిషి కాదు, రష్యావాళ్ళు పంపిన లూనా-3 అనే నౌక.

అక్టోబరు 7న అది 40 నిమిషాల్లో 29 ఫొటోలు తీసింది. తీసిన ఫిల్మును తనలోనే కడిగింది, ఆరబెట్టింది. ఆ తర్వాత ఫిల్ము మీద సన్నటి వెలుగుచుక్కను అడ్డంగా నడిపి, నలుపెక్కడ, తెలుపెక్కడ అన్నది గీత తర్వాత గీత రేడియోలో పంపింది. పంతులుగారు ఇదంతా చెబుతుంటే మా నాయన నాడె ఆపకుండానే, "పోగు పక్కన పోగు పడి చీరైనట్టేగా" అన్నాడు. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు నాకు.

బొమ్మలు మసకే. అయినా అవతలివైపు డెబ్బై పాళ్ళు తెలిసింది.

1964లో అమెరికావాళ్ళ రేంజర్-7 చందమామను గుద్దుకునేదాకా ఫొటోలు తీస్తూనే ఉంది, నాలుగువేల పైచిలుకు. అక్కడ ఏ నౌకైనా దిగితే దుమ్ములో కూరుకుపోతుందని భయపడ్డ పెద్ద శాస్త్రవేత్తలూ ఉన్నారు. 1966 ఫిబ్రవరి 3న లూనా-9 మెల్లగా దిగింది. కూరుకుపోలా! చుట్టూ ఉన్న రాళ్ళను ఫొటో తీసి పంపింది.

ఇహ మనది. 2008 అక్టోబరు 22న మన శ్రీహరికోట నుంచే చంద్రయాన్-1 లేచింది. నవంబరు 14 రాత్రి దాన్నుంచి ఒక చిన్న పెట్టె, ఒంటిమీద మూడురంగుల జెండాతో, నూరు కిలోమీటర్ల ఎత్తునుంచి ఫొటోలు తీసుకుంటూ దక్షిణ ధ్రువం దగ్గర పడింది. మా నాయన అప్పటికి లేడు. ఉంటే ఆ రాత్రి మగ్గం దిగి వచ్చి టీవీ ముందు కూర్చునేవాడు.

పైన తిరిగే చంద్రయాన్ కెమెరా అయిదు మీటర్ల మేర నేలను కూడా విడిగా పట్టేది. ఆ బొమ్మలు ఇస్రోవాళ్ళు అందరికీ అందుబాటులో పెట్టారు. రేపు బడికెళ్ళి మీ సైన్సు మేష్టారిని అడగండి, దగ్గరుండి చూపించమనండి.