పటంలోని బందీలు, పటం బయటి సీమ

ఒక చిత్రంలో ఏముందో చెప్పినంత మాత్రాన విమర్శకుని పని తీరదు. ఏది లేదో, ఎందుకు లేదో కూడా చెప్పవలసి వుంది. టిప్పు సుల్తాను కుమారులను లార్డ్ కారన్‌వాలిస్ బందీలుగా స్వీకరించిన ఘట్టాన్ని రాబర్ట్ హోమ్ వేసిన తైలవర్ణ చిత్రాన్ని నేనీ దృష్టితోనే చూస్తున్నాను.

మూడో మైసూరు యుద్ధంలో ఓడిన టిప్పు 1792 ఫిబ్రవరి 26న తన కొడుకులు అబ్దుల్ ఖాలిక్, ముయిజుద్దీన్‌లను కంపెనీకి జామీనుగా అప్పగించాడు. సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు చెల్లించాలన్నది షరతు. హోమ్ ఆ సైన్యం వెంట వున్న చిత్రకారుడు. చిత్రం అంచున తన్ను కూడా వేసుకున్నాడు. అందులో సంకెళ్ళు కనిపించవు. గవర్నర్ జనరల్ పసివాళ్ళను చేయిపట్టి ఆదరిస్తున్నాడు. హిందూదేశానికి ఎన్నడూ రాని మాథర్ బ్రౌన్ కూడా లండన్‌లో కూర్చుని యిదే ఘట్టాన్ని చిత్రించాడు. జయించినవాడు తండ్రిలా కనిపించాలి. ఆనాటి సామ్రాజ్యానికి అవసరమైన బొమ్మ అది.

బ్రహ్మంగారిమఠం నుంచి రాస్తున్న నాకు ఆ పటం బయటి సంగతి ముఖ్యం. ఆ సంధి వల్లనే మా కడప సీమ నిజాం చేతికి పోయింది. 1800లో సైన్యం ఖర్చుల కింద నిజాం దాన్ని కంపెనీకి ధారాదత్తం చేశాడు. పిల్లలు 1794లో తండ్రిని చేరుకున్నారు, సీమ మాత్రం చేతులు మారుతూ పోయింది. టిప్పు పాలన రైతుల పాలన అని నేననడం లేదు. ఏ సంధిలోనూ రైతును అడిగినవాడు లేడనే అంటున్నాను.

ఆ దయ అసలు రూపం అప్పటి కడప జిల్లాలోని కోయిలకుంట్లలో బయటపడింది. తిరగబడి పట్టుబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న అక్కడ ఉరితీశారు. ఆయన తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారు. ఆ బందీని చిత్రించడానికి ఏ హోమూ రాలేదు. పల్లె గాయకులు మాత్రం ఆయన కథను పాటగా కట్టి నిలిపారు.

ఇది కాల్పనికోద్యమ కాలపు చిత్రకళ దోషమందామా? అదే యుగంలో స్పెయిన్‌లో గోయా 1814లో, ఫ్రెంచి సైన్యం పట్టుకొని కాల్చివేసిన మాడ్రిడ్ ప్రజలను చిత్రించాడు. వెలుగంతా చావబోయేవాని ముఖం మీద పడుతుంది. కాల్చేవాళ్ళకు ముఖాలే కనిపించవు. కనుక దోషం కాలానిది కాదు. చిత్రకారుడు ఎవరి పక్కన నిలబడ్డాడన్నదే ప్రశ్న. బందీని గురించి కలం పట్టే ప్రతి రచయితా ముందుగా తనను తాను వేసుకోవలసిన ప్రశ్న కూడా అదే.